ధర తెలియని సీసా

కొనుక్కున్న వైన్‌ని మనం ఎప్పుడూ నిష్పక్షపాతంగా తాగం. కొట్లో ఆ సీసా కింద రాసిన అంకె నోటికంటే ముందే మెదడుకి చేరిపోయి ఉంటుంది. బహుమతిగా వచ్చిన సీసాకి ఆ బెడద లేదు. గృహప్రవేశానికి వచ్చిన ఆఫీసు స్నేహితుడు చేతిలో పెట్టి వెళ్ళాడు. లేదా కాలిఫోర్నియా నుంచి వచ్చిన మేనల్లుడు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. పైన ‘కాబెర్నే సావిన్యోన్’ అని ఉంది, దాని మీద మనం ఎన్నడూ వినని ఒక తోట పేరు. ఇది మంచిదా, మామూలుదా?

చాలామంది ఈ ప్రశ్నకి జవాబు కోసం కార్క్ తీసే స్క్రూ వెతకరు, ఫోన్ తీస్తారు. లేబుల్ ఫొటో కొడితే చాలు, ధర, నక్షత్రాలు, నూటికి ఇన్ని మార్కులు అన్నీ వచ్చేస్తాయి. పరీక్ష అక్కడితో చెడిపోతుంది. ఎందుకు చెడిపోతుందో 2008లో వెలువడిన ఒక ప్రయోగం చూపించింది. విచిత్రంగా అందులో వాడింది కూడా కాబెర్నే సావిన్యోనే.

కాల్టెక్, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 20 మందిని ఒక్కొక్కరిగా ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి, సన్నటి గొట్టాల ద్వారా నోట్లోకి కొంచెం కొంచెం వైన్ పంపారు. ఐదు రకాల కాబెర్నేలు ఇస్తున్నామని, ఒక్కొక్కదాని ధర ఇంతని చెప్పారు. నిజానికి అక్కడున్నవి మూడే. 5 డాలర్ల సీసాలోదాన్ని ఒకసారి 5 డాలర్లదిగానూ, ఇంకోసారి 45 డాలర్లదిగానూ ఇచ్చారు. 90 డాలర్లదాన్ని ఒకసారి ఉన్న ధరకే, ఇంకోసారి 10 డాలర్ల చవకదిగా ఇచ్చారు. తాగినవాళ్ళు ఖరీదు ఎక్కువ చెప్పినప్పుడల్లా బాగుందన్నారు. ఇంతవరకు ఆశ్చర్యమేమీ లేదు, మనుషులు మొహమాటానికి ఏదైనా అంటారు. ఆశ్చర్యం స్కానింగ్‌లో కనిపించింది. కళ్ళ గూళ్ళకి పైన, నుదుటి వెనకాల ఉండే మెదడు భాగం ఒకటి మనకి కలిగే ఆహ్లాదాన్ని లెక్కకడుతూ ఉంటుంది. ఎక్కువ ధర విన్నప్పుడు ఆ భాగమే ఎక్కువగా పనిచేసింది. రుచిని ముందుగా అందుకునే ప్రాంతాల్లో మాత్రం మార్పు లేదు. అంటే వాళ్ళు అబద్ధమాడలేదు. నాలుక పంపిన కబురు మారకపోయినా, దాన్ని చదువుకున్న మెదడు నిజంగానే ఎక్కువ ఆనందించింది. కొన్ని వారాల తర్వాత ధరలు చెప్పకుండా అవే వైన్లు ఇస్తే ఆ తేడా మాయమైంది.

బహుమతి సీసాకి ధర చీటీ లేకపోవడం ఆ విధంగా ఒక వరమే. కాకపోతే దాని వెనక ఇచ్చిన మనిషి ముఖం ఉంటుంది. మేనేజరు ఇచ్చిన సీసా ఒక రుచి, అప్పు ఎగ్గొట్టిన బావమరిది ఇచ్చిన సీసా ఇంకో రుచి. కాబట్టి ఈ అధ్యాయంలో నేను పట్టుకునే వరస ఇది: సీసా చెడిపోయిందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి, దాని కట్టుబడి ఎలా ఉందో తర్వాత చూడాలి, ‘గొప్పదా’ అన్న ప్రశ్నని చివరికి నెట్టాలి. మొదటిదానికి ఎవరైనా సరైన జవాబు చెప్పగలరు. చివరిదానికి నిపుణులు కూడా తడబడతారు. ఆ సంగతి ముందుకెళ్ళాక చూద్దాం. (వైన్ ఆరోగ్యానికి ఏం చేస్తుందన్నది వేరే అధ్యాయం. ఇక్కడ పరీక్షకి కావలసింది గుక్కలే, గ్లాసులు కాదు.)

అంతమాత్రాన ధర వట్టి బూటకమని కాదు. నాపా లోయలో కాబెర్నే ద్రాక్ష టన్ను సగటు ధర ఇటీవలి సంవత్సరాల్లో 8 వేల డాలర్లు దాటింది. అదే కాలిఫోర్నియాలో, ఎండలు మండే మధ్య లోయలో, అదే రకం ద్రాక్ష టన్ను కొన్ని వందల డాలర్లకి దొరుకుతుంది. టన్నుకి సుమారు 700 సీసాలు వస్తాయి. అంటే నాపా సీసాలో ఒక్క పండు ఖర్చే 11 డాలర్లకి పైన, రెండోదాంట్లో ఒక డాలరు కూడా ఉండదు. కొత్త ఫ్రెంచ్ ఓక్ పీపా ఒకటి వెయ్యి డాలర్ల పైమాటే, అందులో పట్టేది 225 లీటర్లు, అంటే 300 సీసాలు. కాబట్టి 10 డాలర్ల సీసాలో కొత్త పీపా వాసన తగిలితే అది చాలావరకు ఓక్ చెక్కపేళ్ళు నానబెట్టి తెచ్చిన వాసనే. అది మోసం కాదు, పద్ధతి. 10 డాలర్లకీ 40 డాలర్లకీ మధ్య తేడాలో పండు, పీపా, శ్రమ ఉంటాయి. 100 దాటాక చెల్లించేది ఎక్కువగా నేల విలువకి, పేరుకి, దొరకనితనానికి. ఆ తేడా నోటికి తెలుస్తుందా అంటే, 2008లోనే అమెరికాలో 6 వేలకు పైగా కళ్ళకి గంతలు కట్టినట్టు చేసిన రుచి పరీక్షల్ని గుదిగుచ్చి చూశారు. తర్ఫీదు లేని సామాన్యులకి ఖరీదైన వైన్ ఎక్కువ నచ్చలేదు సరికదా, ఒక వెంట్రుకవాసి తక్కువే నచ్చింది.

ఇక లేబుల్. దాని మీద సగం మాటలు చట్టం రాయించినవి, సగం అలంకారాలు. ఏది ఏదో తెలిస్తే సీసా మూత తియ్యకుండానే కొంత చెప్పొచ్చు. అమెరికాలో ‘రిజర్వ్’ అన్న మాటకి చట్టంలో ఏ అర్థమూ లేదు. ఎవరైనా దేనిమీదైనా అచ్చేసుకోవచ్చు. స్పెయిన్‌లో ‘రెసెర్వా’ అంటే మాత్రం నియమం ఉంది: ఎర్ర వైన్ అయితే మూడేళ్ళు నిలవుండాలి, అందులో ఏడాది ఓక్ పీపాలో గడవాలి. ‘ఎస్టేట్ బాటిల్డ్’ అన్నది అమెరికాలో బరువైన మాట. పండించిన భూమి ఆ వైనరీ చేతిలోనే ఉండాలి, ఆ భూమి, వైనరీ రెండూ లేబుల్ మీద రాసిన ప్రాంతంలోనే ఉండాలి. వెనక చిన్న అక్షరాల్లో ‘ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంటే ఆ వైన్‌లో కనీసం 75 శాతాన్ని ఆ వైనరీ తానే పులియబెట్టిందని అర్థం. ‘సెల్లార్డ్ అండ్ బాటిల్డ్ బై’, ‘వింటెడ్ అండ్ బాటిల్డ్ బై’ అని ఉంటే ఆ హామీ లేదు. ఎక్కడో తయారైన వైన్‌ని ట్యాంకర్‌లో తెప్పించి సీసాల్లోకి ఎత్తి ఉండొచ్చు. కొత్త తోట పేరు, అందమైన బొమ్మ, కింద ఈ ‘సెల్లార్డ్’ మాట ఉంటే నేను అంచనాలు కొంచెం తగ్గించుకుంటాను.

రకం పేరు రాయాలంటే అమెరికాలో ఆ ద్రాక్ష 75 శాతం ఉంటే చాలు. ఐరోపా సమాఖ్యలో, ఆస్ట్రేలియాలో 85 ఉండాలి. ప్రాంతం పేరు ఎంత ఇరుకైతే అంత మంచి కబురు. ‘కాలిఫోర్నియా’ అని మాత్రమే ఉంటే పండు రాష్ట్రంలో ఏ మూలనుంచైనా వచ్చి ఉండొచ్చు. ‘నాపా వ్యాలీ’ అని ఉంటే 85 శాతం అక్కడిదే కావాలి.

లేబుల్ మీద సంవత్సరం కోసం వైన్ పిచ్చివాళ్ళు ప్రాణం పెడతారు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో దానికి కారణం ఉంది. అక్కడ సముద్రపు వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్రవేత్త ఆర్లీ ఆషెన్‌ఫెల్టర్ బోర్డో వైన్ల వేలం ధరలు ముందుంచుకుని, చలికాలపు వాన, పెరిగే రుతువులో సగటు వేడి, కోతల వేళ పడ్డ వాన, వైన్ వయసు, ఈ నాలుగిటితోనే వాటిని చాలావరకు వివరించగలిగాడు. వేసవి వెచ్చగా ఉండి కోతలు పొడిగా సాగితే మంచి వైన్. అంతే. ఒక్క చుక్క రుచి చూడకుండా ఈ మాట చెప్పినందుకు విమర్శకులు మండిపడ్డారు. కాలిఫోర్నియాలో ఎండ అంత నమ్మకద్రోహం చెయ్యదు కాబట్టి అక్కడి సీసా మీద సంవత్సరం ముఖ్యంగా వయసు చెబుతుంది.

ఆ వయసు దగ్గరే మన ఇళ్ళలో అసలు ప్రమాదం. వైన్ పాతబడేకొద్దీ బాగుపడుతుందన్న మాట విని, వచ్చిన సీసాని హాల్లో షోకేసులో, పెళ్ళి ఫొటో పక్కన, నిటారుగా నిలబెట్టి ఏళ్ళ తరబడి ఉంచేవాళ్ళున్నారు. అమ్ముడయ్యే వైన్లలో అత్యధిక భాగం రెండు మూడేళ్ళలో తాగెయ్యడానికి చేసినవే. నిలవుంచదగ్గ మంచి కాబెర్నేకి కూడా 13 డిగ్రీల చుట్టుపక్కల చల్లదనం, చీకటి కావాలి. ఎండాకాలంలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం తలుపులేసిన గది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. డల్లాస్‌లో కారు డిక్కీ కూడా తక్కువ తినలేదు. వేడికి ద్రవం వ్యాకోచించి కార్క్‌ని పైకి నెడుతుంది. చల్లబడ్డప్పుడు గాలిని లోపలికి లాగుతుంది. కాబట్టి మూత తీసే ముందు వేలితో తడిమి చూడండి. కార్క్ సీసా అంచుకంటే పైకి లేచి ఉందా? పైన తొడిగిన రేకు కింద జిగురుగా ఎర్రటి చార కారిందా? సీసా నిలబెట్టినప్పుడు వైన్ మట్టం మెడలో కాకుండా భుజం దాకా దిగిపోయిందా? ఇవి ఉంటే వైనరీని తిట్టకండి, దారిలో ఎవరో సీసాని ఉడకబెట్టారు. లోపల తాజా పండు వాసనకి బదులు ఎండుద్రాక్ష, ఉడికించిన పండ్ల వాసన వస్తుంది.

సీసా బరువు, అడుగున లోతైన గుంట, మైనపు ముద్ర, ఇవేవీ లోపలి ద్రవం గురించి ఏమీ చెప్పవు. బరువైన సీసా ఖరీదనిపించడానికే చేస్తారు. తిప్పి తీసే రేకు మూత చవకతనానికి గుర్తు కూడా కాదు. 2000లో ఆస్ట్రేలియాలోని క్లేర్ వ్యాలీ తయారీదారులు తమ మేలైన రీస్లింగ్ వైన్లకి రేకు మూతలే వేసి ఆ అపోహకి గండి కొట్టారు. వాళ్ళు కార్క్‌తో ఎందుకంత విసిగిపోయారో చెప్పాలంటే ఇప్పుడు సీసా తెరవాలి.

తెరిచే ముందు ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఎర్ర వైన్ ‘గది ఉష్ణోగ్రత’లో ఇవ్వాలన్న నియమం పాతకాలపు ఐరోపా రాతి ఇళ్ళది, ఆ గది 16 నుంచి 18 డిగ్రీలు. మన గదిలో పోస్తే ఆల్కహాల్ ముక్కుకి మంటలా కొట్టి మిగతా వాసనలన్నిటినీ తొక్కేస్తుంది. మరీ చల్లగా ఉంటే వాసనలు లేవవు, వగరు మాత్రం పెరుగుతుంది. గ్లాసులో మూడో వంతు పోసి, చుట్టూ తిప్పి, ముక్కు లోపలికి పెట్టండి.

వెతకాల్సింది పూలూ పండ్లూ కాదు, జబ్బులు. వానాకాలంలో తడిసి ఆరని అట్టపెట్టె వాసన, తలుపు తెరవని బీరువా వాసన తగిలితే దాని పేరు 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్. వైన్ లోకంలో టీసీఏ అంటారు. కార్క్ బెరడులోనో, చెక్కలోనో క్లోరిన్‌తో కలిసిన ఫినాల్ పదార్థాలని బూజు మార్చేస్తే ఇది పుడుతుంది. కార్క్ వాసనకి కారణం ఇదేనని స్విట్జర్లాండ్‌కి చెందిన హాన్స్ టానర్ బృందం 1980ల మొదట్లో తేల్చింది. లీటరుకి కొన్ని నానోగ్రాములున్నా చాలు, ముక్కు పట్టేస్తుంది. ఇంతకంటే కుట్రలాంటి సంగతి 2013లో జపాన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. టీసీఏ తన వాసన వెయ్యడమే కాదు, ముక్కులోని ఘ్రాణకణాల్లో విద్యుత్ సంకేతాన్ని పుట్టించే ద్వారాలనే మూసేస్తుందట. అందువల్ల మోతాదు కొంచెమే ఉన్నప్పుడు అట్టపెట్టె వాసన తెలియదు, వైన్ మూగబోయినట్టు మాత్రం అనిపిస్తుంది. పండు లేదు, వాసన లేదు, నీరసంగా ఉంది. తాగినవాడు ‘ఏదో చవకది అంటగట్టాడు’ అనుకుంటాడు. ఇచ్చినవాడు పాపం 60 డాలర్లు పోసి కొన్నాడు. తెలియని సీసా మీద తీర్పు చెప్పేటప్పుడు జరిగే అన్యాయాల్లో ఇదే పెద్దదని నా అనుమానం. గుర్తు పట్టడానికి దారి ఉంది. టీసీఏ పాలిథీన్‌కి అతుక్కుంటుంది. కొంచెం వైన్‌లో శుభ్రమైన పాలిథీన్ ముక్క వేసి కాసేపు కలిపి, పక్క గ్లాసుతో పోల్చండి. వేసినదాంట్లో పండు వాసన తిరిగి లేస్తే రోగం కార్క్‌ది.

మిగతా జబ్బులు త్వరగా చెప్పుకోవచ్చు. గోళ్ళరంగు తుడిచే మందు వాసన ఇథైల్ ఎసిటేట్, దాని వెంట పుల్లటి వెనిగర్ ఘాటు వస్తే ఎసిటిక్ ఆమ్లం. రెండూ బాక్టీరియా పనే. కోసి వదిలేసిన ఆపిల్ ముక్క వాసన, అంచున గోధుమరంగు కనిపిస్తే గాలి సోకింది. గుర్రపుశాల, బ్యాండేజీ గుడ్డ వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌ది. ఇది కొంచెం ఉంటే బోర్డో అభిమానులు మురిసిపోతారు, నాకు మాత్రం గుర్రం లేని వైనే ఇష్టం. ఆర్పిన అగ్గిపుల్ల, కుళ్ళిన గుడ్డు వాసనలు గంధకం సమ్మేళనాలవి. వీటికి భయపడక్కర్లేదు. జగ్గులోకి ఎత్తి పోస్తే చాలాసార్లు గాలికి పోతాయి. గ్లాసులో శుభ్రమైన రాగి నాణెం తిప్పితే పోతాయన్న చిట్కాలో రసాయన సత్యం ఉంది, రాగి హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పట్టేస్తుంది. అలాగని వైన్‌ని రాగి చెంబులో పొయ్యకండి. కళాయి లేని పాత్రలో పులుసు కాచకూడదని మన పెద్దవాళ్ళు ఏ ఆమ్లానికి భయపడి చెప్పారో వైన్‌లోనూ అలాంటి ఆమ్లాలే ఉన్నాయి.

సీసా ఆరోగ్యంగానే ఉంది. ఇప్పుడు అది కాబెర్నేలా ఉందా?

ఈ ద్రాక్ష తల్లిదండ్రులెవరో చాలాకాలం ఎవరికీ తెలియదు. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలో జాన్ బవర్స్, కేరల్ మెరెడిత్ డీఎన్‌ఏ గుర్తులు పోల్చి రహస్యం విప్పారు. నల్లద్రాక్ష కాబెర్నే ఫ్రాంక్, తెల్లద్రాక్ష సావిన్యోన్ బ్లాంక్ ఫ్రాన్స్ నైరుతి తోటల్లో ఎవరూ కలపకుండానే కలిశాయి. పిల్లకి రెండువైపులా వారసత్వంగా వచ్చిన ఒక వాసన ఉంది. దాని రసాయన నామం 3-ఐసోబ్యూటైల్-2-మెథాక్సీపైరజీన్, వంటింటి భాషలో బెంగళూరు మిర్చి. క్యాప్సికం కోసినప్పుడు గుప్పుమనే పచ్చివాసన ఈ అణువుదే. నీటిలో లీటరుకి రెండు నానోగ్రాములున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. ఇంకోలా చెప్పాలంటే ఒక్క గ్రాము పదార్థం 50 కోట్ల లీటర్ల నీటికి వాసన పట్టించగలదు. వైన్‌లో మిగతా వాసనల మాటున దాక్కుంటుంది కనుక లీటరుకి 10, 15 నానోగ్రాములు ఉంటేగాని బయటపడదు.

ఈ అణువు ఆ తోట దినచర్య చెప్పేస్తుంది. కాయ పచ్చిగా ఉన్నప్పుడు నిండా ఉంటుంది, రంగు తిరిగి పండేకొద్దీ తగ్గుతుంది. గుత్తులకి ఎండ తగిలితే అసలు తక్కువ పుడుతుంది. ఆకులు దట్టంగా కప్పేసినా, వేసవి చల్లగా గడిచినా, తొందరపడి కోసినా మిగిలిపోతుంది. కాలిఫోర్నియాలోనే మాంటరే ప్రాంతంలో, సముద్రపు చలిగాలి కొట్టే నేలలో 1970లలో కాబెర్నే విస్తారంగా నాటారు. వచ్చిన వైన్లు కూరగాయల బుట్టలా ఉన్నాయని ‘మాంటరే వెజ్జీస్’ అని ఎగతాళి పేరు పడింది. నల్లద్రాక్ష, నేరేడు వాసనల వెనక ఆ పచ్చిదనం ఒక గీతలా ఉంటే అది ఈ జాతి లక్షణం. ముందుగా అదే తగిలి, తగినంత పండు తగలకపోతే కాయ పండకముందే కోశారు. అసలు ఆ జాడే లేకుండా, జామ్ డబ్బా తెరిచినట్టుండి, లేబుల్ మీద ఆల్కహాల్ 15 శాతమని ఉంటే బాగా ముగ్గనిచ్చి కోశారు. అది కొందరికి ఇష్టం. కాబెర్నేని అడిగి తెప్పించుకున్నవాడికి మాత్రం అందులో కాబెర్నే కనిపించదు.

రంగుని నమ్మకండి. సిరా లాంటి ముదురు ఊదా చూసి ‘చిక్కటి సరుకు’ అనుకుంటాం. గుజ్జు కూడా ఎర్రగా ఉండే రూబీరెడ్ లాంటి ద్రాక్షల గాఢరసం కొద్దిగా కలిపితే ఆ రంగు వచ్చేస్తుంది, దాంతోపాటు కొంత తీపి కూడా. అంచు దగ్గర ఇటుక రంగు తిరిగిందా అన్నది మాత్రం చూడదగ్గది. రంగు అణువులు వగరునిచ్చే టానిన్లతో పెనవేసుకుని పాతబడ్డాయని దానర్థం. లేబుల్ మీద రెండేళ్ళ వయసే ఉండి అంచు ఇటుక రంగులో ఉంటే మళ్ళీ ఆ వేడి మీదే అనుమానం.

తర్వాత గుక్క. కాబెర్నే పళ్ళు చిన్నవి, తొక్క మందం, గింజల పాలు ఎక్కువ, గుజ్జు తక్కువ. టానిన్ ఉండేది తొక్కలోనూ గింజల్లోనూ కాబట్టి ఈ వైన్‌కి వగరు పుట్టుకతోనే వచ్చింది. నేరేడు పళ్ళు తిన్నాక నాలుక బిగుసుకుని అంగిలికి పట్టుకున్నట్టు ఉంటుందే, అదే. వగరు నాలుక మీద రుచి మొగ్గల పని కన్నా స్పర్శ పనే ఎక్కువ. లాలాజలంలో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మెండుగా ఉన్న ప్రోటీన్లు నోటికి నూనెలా పనిచేస్తాయి. టానిన్ వాటిని పట్టుకుని ముద్దకట్టిస్తుంది. జారుడు పోయి రాపిడి మిగులుతుంది. పరీక్ష సులువు: మింగాక లేదా ఉమ్మాక నాలుకని అంగిలికి మెల్లగా రుద్దండి. మెత్తటి గుడ్డలా సన్నగా, నోరంతా సమంగా పట్టుకుంటే టానిన్ బాగా పండింది. ఇసుక కాగితంలా, చిగుళ్ళ దగ్గర చేదుతో గీరితే గింజల్ని అతిగా పిండారు, లేదా కాయ పచ్చిది. అసలు ఏమీ పట్టకపోతే అది కాబెర్నే అన్న పేరుకే. ఈ పరీక్ష ఖాళీ నోటితో ఒకసారి, మాంసమో చీజో తిన్నాక ఒకసారి చెయ్యండి. తిండిలోని ప్రోటీన్, కొవ్వు టానిన్‌కి ఎదురెళ్ళి లాలాజలాన్ని కాపాడతాయి, మొదటిసారి మొరటుగా అనిపించిన వైన్ రెండోసారి మర్యాదగా ప్రవర్తిస్తుంది. మన పచ్చి పులుసుతోనో గోంగూరతోనో తాగితే ఏ వైన్ అయినా చప్పబడిపోతుంది. పులుపు ముందు పులుపు నిలవదు.

మింగిన తర్వాత పండు రుచి ఎంతసేపు నిలిచిందో గమనించండి. ఫ్రెంచివాళ్ళు ఈ నిలకడని సెకన్లలో లెక్కపెట్టి ఆ కొలతకి కోదాలీ అని పేరు కూడా పెట్టుకున్నారు. నోట్లో వగరూ ఆల్కహాల్ మంటా మిగిలి పండు ముందే పోతే కట్టుబడి బలహీనం. అన్నీ కలిసి మెల్లగా తగ్గితే మంచి పనితనం. గొప్పదనానికి దగ్గరగా వచ్చే గుర్తు నాకు తెలిసి ఇదొక్కటే.

‘గొప్ప’ అన్న మాట దగ్గర నిపుణులు ఏం చేస్తారో చూడండి. కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ వైన్ పోటీల్లో రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే చిన్న వైనరీ యజమాని, రిటైరైన ప్రొఫెసరు, నిర్వాహకుల్ని ఒప్పించి ఒక పరీక్ష పెట్టాడు. తన వైన్లకి ఒక పోటీలో బంగారు పతకం, ఇంకో పోటీలో ఏమీ రాకపోవడం చూసి ఆయనకి పుట్టిన సందేహం అది. న్యాయనిర్ణేతలకి ఇచ్చే గ్లాసుల వరసలో ఒకే సీసాలోంచి పోసిన వైన్‌ని మూడుసార్లు, చెప్పకుండా ఇప్పించాడు. 2008లో అచ్చయిన ఫలితం ప్రకారం మూడింటికీ ఒకే పతకం స్థాయిలో మార్కులేసినవాళ్ళు పదిమందిలో ఒకరు. సాధారణ న్యాయనిర్ణేత చేతిలో 90 మార్కుల వైన్ ఇంకో గ్లాసులో 86 అయ్యేది, మరో గ్లాసులో 94. ఫోన్‌లో కనిపించే ఆ 91, 93 అంకెల్లోని తేడా ఈ ఊగిసలాటకంటే చిన్నది. అంతకుముందు 2001లో బోర్డోలోనే తెల్ల వైన్‌కి వాసన లేని ఎర్ర రంగు కలిపి విద్యార్థులకి ఇస్తే, 54 మంది దాన్ని ఎర్ర వైన్‌కి వాడే పండ్ల పేర్లతో వర్ణించారు. 1976 పారిస్ పోటీ కథ అందరికీ తెలిసిందే. సీసాలు కప్పేసి పోస్తే ఫ్రెంచి న్యాయనిర్ణేతలు నాపాకి చెందిన స్టాగ్స్ లీప్ 1973 కాబెర్నేని బోర్డోకి చెందిన మూటాన్ రోత్‌షీల్డ్ 1970 కంటే పైన నిలబెట్టారు. వాళ్ళలో ఒకరైన ఓడెట్ కాన్ తన మార్కుల కాగితాలు తిరిగి ఇచ్చెయ్యమని అడిగింది. కాలిఫోర్నియా గెలిచిందన్నది ఆ కథలో నాకు పెద్దగా పట్టని భాగం. సీసా కప్పేస్తే అభిప్రాయం ఎంత త్వరగా మారుతుందన్నదే నాకు ముఖ్యం.

అందుకని ఇంట్లోనూ కప్పే తాగాలి. ఆ పద్ధతికి మూలపురుషుడు గణాంకశాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్. 1920లలో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియెల్ బ్రిస్టల్ అనే శాస్త్రజ్ఞురాలు కప్పులో పాలు ముందు పోశారో టీ ముందు పోశారో తాగి చెప్పగలనంది. ఫిషర్ ఎనిమిది కప్పులు కలగాపులగంగా పెట్టించాడు, నాలుగు అలా, నాలుగు ఇలా. ఏ నాలుగో ఊహించే దారులు 70 ఉంటాయి, గుడ్డిగా అన్నీ సరిపోయే అవకాశం 70లో ఒకటి. 1935లో ఆయన రాసిన ప్రయోగ రచన శాస్త్ర గ్రంథం ఈ కథతోనే ఆ విద్య నేర్పుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివిన మన గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసింది ఈ ఫిషర్ దగ్గరే.

మన పరీక్షకి ఎనిమిది కప్పులు అక్కర్లేదు, మూడు స్టీలు గ్లాసులు చాలు. స్టీలువైతే రంగు కనపడదు. వైన్‌కేమీ కాదు, చాలా వైన్లు పులిసేది స్టీలు ట్యాంకుల్లోనే. బహుమతి సీసాకి జతగా ధర, గుణం మీకు బాగా తెలిసిన మామూలు కాబెర్నే ఒకటి కొనండి. అమెరికాలో 12 డాలర్లది, ఇక్కడైతే నాసిక్‌ది. ఇంకొకరు వంటింట్లో రెండు గ్లాసుల్లో ఒకటీ, మూడోదాంట్లో ఇంకోటీ పోసి తేవాలి. ఏ వరసలో పొయ్యాలన్నదానికి సరిగ్గా ఆరు దారులున్నాయి, పాచిక వేస్తే సరిపోతుంది. మూడింట్లో వేరేది ఏదో మీరు చెప్పాలి. ఏది బాగుందో కాదు, ఏది వేరో. గుడ్డిగా చెప్పినా మూడింట ఒకసారి తగులుతుంది, కాబట్టి ఒకసారి సరిగా చెబితే చంకలు గుద్దుకోవద్దు. ఐదుసార్లు చేసి నాలుగైనా సరిపోయాయంటే అది వట్టి అదృష్టం అయ్యే అవకాశం 5 శాతం లోపు. మధ్యలో నీళ్ళు పుక్కిలించండి, వైన్ ఉమ్మెయ్యండి, లేకపోతే ఐదోసారికి పరీక్ష వైన్‌ది కాదు మీదవుతుంది. ఐదింట్లో రెండే సరిపోయాయా? అయితే మీ నోటికి సంబంధించినంతవరకు ఆ బహుమతి, ఆ 12 డాలర్ల సీసా ఒక్కటే, లేబుల్ ఏం చెప్పినా సరే. తేడా తెలిసిందని తేలాక మాత్రమే ఏది నచ్చిందని అడగడంలో అర్థముంటుంది.

సగం సీసా మిగిల్చి, కార్క్ పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచండి. మర్నాడు సాయంత్రం బయటికి తీసి కాస్త వెచ్చబడ్డాక మళ్ళీ వాసన చూడండి. లోపల చేరిన ఆక్సిజన్ రాత్రంతా టానిన్లతో తలపడుతుంది. ఆ తంతులో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టి, అది ఆల్కహాల్‌ని ఎసిటాల్డిహైడ్‌గా మార్చడం మొదలుపెడుతుంది, వైన్‌లో కలిపిన సల్ఫర్ డయాక్సైడ్ అడ్డుపడుతుంది. టానిన్, పండు దండిగా ఉన్న కాబెర్నే ఆ దాడిని కాచుకుంటుంది, చాలాసార్లు మొదటి రోజుకంటే విచ్చుకుంటుంది కూడా. పల్చగా, ఓక్ పేళ్ళ వాసనతో, కాస్త తీపితో నెట్టుకొచ్చిన వైన్ చప్పగా, కోసిన ఆపిల్‌లా తయారవుతుంది. నిన్న మూగగా అనిపించింది ఇవాళ అట్టపెట్టె వాసన స్పష్టంగా కొడితే అది టీసీఏనే, గాలికి పోయేది కాదు. ఆ సీసాతో ఆ తోట గురించి ఏమీ తేలనట్టే. వీలైతే అదే తోటది ఇంకో సీసా కొని మొదటినుంచి రండి. రెండో రోజు పరీక్ష ప్రయోగశాల కొలత కాదు, పాత వైన్లకి అసలు పెట్టకూడదు, పదిహేనేళ్ళ సీసా గంటలోనే నీరసించిపోవచ్చు. ఐదేళ్ళలోపు కాబెర్నేకి మాత్రం ఇంట్లో చెయ్యగలిగినవాటిలో ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. మూడో రోజు దాటాక వెనిగర్ చేసే బాక్టీరియా ఎసిటోబాక్టర్ పని మొదలవుతుంది, అప్పుడు గ్లాసులోంచి వచ్చే వెనిగర్ వాసనకి తోటనీ అనలేం, ఇచ్చినవాడినీ అనలేం.